చెవిపోటు ఓర్చుకునేది కాదు: అండమాన్ స్కూబా మీద అపోహలు, వాస్తవాలు

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో (ఇప్పటి అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్) స్కూబా డైవింగ్‌కి, అంటే గాలి సిలిండర్‌తో నీటి అడుగుకి దిగడానికి, పేరిచ్చినవాళ్ళు ముందురోజు సాయంత్రం అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే. షార్కులు ఉంటాయా? ఈత రాకపోతే ఎలా? సిలిండర్లో ఆక్సిజన్ అయిపోతే ఏం చేస్తారు? చెవుల సంగతి మాత్రం ఎవరూ అడగరు. డైవింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి దెబ్బ తగిలేది చెవికే. వీపున బ్యాగు తగిలించుకుని పది రోజులు దీవులు చుట్టడానికి వచ్చినవాళ్ళు మూడో రోజే చెవి పాడుచేసుకుంటే, మిగతా వారమంతా ఒడ్డున కూర్చోవాల్సిందే. అందుకే ముందు దాని గురించి చెప్పి, మిగతావి త్వరగా ముగిస్తాను.

అపోహ: దిగేటప్పుడు చెవి నొప్పి మామూలే, కాస్త ఓర్చుకుంటే సర్దుకుంటుంది

సర్దుకోదు. ఈ మాట ఎవరు చెప్పినా, ఇంతకుముందు డైవింగ్ చేసొచ్చిన స్నేహితుడే చెప్పినా, నమ్మకండి.

కర్ణభేరి వెనక మధ్య చెవిలో గాలి ఉంటుంది. ఆ గాలికి ఉన్న దారల్లా ముక్కు వెనక నుంచి వెళ్ళే సన్నని యూస్టేషియన్ నాళం ఒక్కటే. అది మామూలుగా మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు క్షణంపాటు తెరుచుకుంటుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు చెవులు దిబ్బడేసి, గుటక వేయగానే టక్కున వదలడం మనందరికీ తెలిసిందే. సముద్రంలో జరిగేదీ అదే, కానీ నీటి బరువు వేరు. కొండ మీది నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్లు దిగితే చెవి మీద ఎంత ఒత్తిడి పెరుగుతుందో, నీళ్ళలో ఒక్క మీటరు దిగేలోపే అంత పెరుగుతుంది. ఘాట్ మీద దానికి అరగంట పైనే పడుతుంది. నీళ్ళలో నాలుగైదు సెకన్లు చాలు.

ఆ నాలుగైదు సెకన్లలో మీరు ముక్కు నుంచి గాలి పంపకపోతే కర్ణభేరి లోపలికి వంగుతుంది. మీటరు, మీటరున్నర దాటితే బయటి ఒత్తిడికి ఆ నాళం మూతి బిగుసుకుపోవచ్చు. ఇక ఎంత ఊదినా తెరుచుకోదు. అలాగే ఇంకా కిందికి వెళ్తే మధ్య చెవి పొరలు ఉబ్బి, నీరూ రక్తమూ ఊరి, ఆ ఖాళీని నింపడం మొదలుపెడతాయి. కొందరికి కర్ణభేరి చిరుగుతుంది. దానికి పెద్ద లోతు అక్కర్లేదు. గాలి పంపకుండా దిగితే ఒకటిన్నర నుంచి 5 మీటర్ల మధ్యలోనే చిరగొచ్చు. చిరిగినప్పుడు నొప్పి ఒక్కసారిగా పోతుంది. "కాసేపు ఓర్చుకున్నాను, తర్వాత తగ్గిపోయింది" అనే మాట వినగానే డైవ్ చేయించే మాకు గుండె ఝల్లుమనేది అందుకే. చల్లటి నీరు లోపలికి వెళ్ళి తల గిర్రున తిరుగుతుంది, పైకేదో కిందికేదో తెలియదు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే: తాడునో ఇన్‌స్ట్రక్టర్ చేతినో పట్టుకుని కదలకుండా ఉండటం. లోపలికెళ్ళిన నీరు ఒంటి వేడికి వెచ్చబడ్డాక ఆ తిరుగుడు తగ్గుతుంది.

ఇదంతా నివారించడం చాలా సులువు. ఈక్వలైజ్ చేయడం, అంటే చెవిలోకి గాలి పంపి లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమం చేయడం, తెలుసు అనుకునేవాళ్ళు కూడా ఎక్కువగా పొరబడేది అది ఎప్పుడు చేయాలన్న దగ్గరే.

నీటి పైన ఉండగానే మొదటిసారి చేయండి. మాస్కు ముక్కు తిత్తిని బయటి నుంచి రెండు వేళ్ళతో నొక్కి, నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి శ్వాసకి గాలి అందించే పరికరం) చుట్టూ పెదాలు బిగించి, ముక్కులోకి మెల్లగా ఊదాలి. రెండు చెవుల్లోనూ చిన్నగా టక్కుమనాలి. మొదటి 5 మీటర్లలో ప్రతి అర మీటరుకీ ఒకసారి, అంటే దాదాపు ప్రతి శ్వాసకీ ఇలా చేయాలి. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే. నొప్పి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. తల కిందులుగా దిగకండి, కాళ్ళు కిందికి, గడ్డం కాస్త పైకి ఉంటే నాళం తేలిగ్గా తెరుచుకుంటుంది. లంగరు తాడు పట్టుకుని దిగితే వేగం మీ చేతిలోనే ఉంటుంది.

చెవి వదలకపోతే అక్కడే ఆగండి. నొప్పి పూర్తిగా పోయేదాకా అర మీటరో మీటరో పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించండి. ఊదడం పనిచేయకపోతే ముక్కు మూసి గుటక వేయండి. అదీ కాకపోతే కింది దవడ ముందుకు చాపి, వదలని చెవి పైకి వచ్చేలా తల పక్కకు వంచి ఊదండి. మూడు నాలుగుసార్లు చేసినా ఫలితం లేకపోతే ఆ రోజుకి డైవ్ అయిపోయినట్టే. బలంగా మాత్రం ఊదకండి, ఒక ఊదు 5 సెకన్లు మించకూడదు. గట్టిగా ఊదితే తలలో పెరిగే ఒత్తిడి లోపలి చెవికి చేరి అక్కడి పలచటి పొర చిరగొచ్చు. చిరిగితే చెవిలో హోరు, వినికిడి తగ్గడం, ఒక్కోసారి శాశ్వతంగా. కర్ణభేరికి పడిన చిన్న చిరుగు చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. లోపలి చెవికి ఆ హామీ లేదు.

ఒక మాట మనసులో పెట్టుకోండి. మీ చెవి నొప్పి మీకు తప్ప ఎవరికీ తెలియదు. ట్రయల్ డైవ్‌లో ఇన్‌స్ట్రక్టర్ మీ జాకెట్ పట్టుకుని అన్నీ చూసుకుంటాడు. లోతు, తేలడం, గాలి, దారి, అన్నీ. మీ చెవిలోకి గాలి మాత్రం పంపలేడు. అరచేతిని అటూ ఇటూ ఊపి వేలితో చెవి చూపిస్తే చాలు, ఏ డైవరైనా అర్థం చేసుకుని ఆగిపోతాడు. మొహమాటపడి నొప్పితోనే ఓకే సైగ ఇచ్చేవాళ్ళు ఎందరో. డబ్బు కట్టాం కదా అని, పక్కవాళ్ళు ఆగాల్సి వస్తుందని, కెమెరా తిరుగుతోందని. ఎవరూ ఏమీ అనుకోరు, చెప్పండి. అన్నట్టు, నీటి అడుగున బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితేనే ఓకే.

దీని వెంటే వచ్చే అపోహ ఇంకొకటి: "మేం 6 మీటర్లే కదా దిగేది, లోతుకెళ్ళేవాళ్ళకే చెవి ఇబ్బంది." తలకిందులు లెక్క ఇది. ఉపరితలం నుంచి 10 మీటర్లకు దిగితే ఒత్తిడి రెట్టింపై గాలి సగానికి నలుగుతుంది. 20 నుంచి 30కి దిగితే ఉన్నదాంట్లో నాలుగో వంతే తగ్గుతుంది. చెవికి అసలు కష్టం మొదటి కొన్ని మీటర్లలోనే, అంటే నెమో రీఫ్‌లో కొత్తవాళ్ళు తిరిగే లోతులోనే. 25 మీటర్లకు పైగా ఉండే జానీస్ గార్జ్ లాంటి చోట్ల కూడా ఇబ్బంది పడేది దిగడం మొదలుపెట్టిన తొలి నిమిషంలోనే.

అపోహ: జలుబుకి మాత్ర వేసుకుని దిగొచ్చు

మాత్రతో ముక్కు తెరుచుకుంటుంది, నిజమే. చెవులు వదులుతాయి, హాయిగా దిగుతారు. 40 నిమిషాల తర్వాత అడుగున మందు పని తగ్గి వాపు మళ్ళీ వస్తే, ఇప్పుడు గాలి లోపల చిక్కుకుంటుంది. పైకి వచ్చేకొద్దీ అది ఉబ్బుతుంది. దిగేటప్పుడు నొప్పి వస్తే దిగడం మానేయొచ్చు. ఎక్కడం మానేయడానికి వీల్లేదు, సిలిండర్లో గాలి అయిపోతోంది. ముక్కులో వేసే చుక్కల మందూ అంతే, పైగా రోజూ వేసుకుంటే వాపు ఎక్కువవుతుంది.

పరీక్ష సులువు. పొద్దున లేవగానే నేల మీదే ముక్కు మూసి ఊదండి. రెండు చెవులూ తేలిగ్గా వదిలితే రండి. ఒక్కటి మొరాయించినా ఆ రోజు రాధానగర్ బీచ్‌కి వెళ్ళి కూర్చోండి, మర్నాడు చూద్దాం. పడిశం పట్టిన మనిషిని బలవంతంగా దింపే చోటు మంచి చోటు కాదు.

దూది, ఇయర్‌ప్లగ్ పెట్టుకుంటే? అసలు వద్దు. ప్లగ్‌కీ కర్ణభేరికీ మధ్య ఇంకో గాలి గది తయారవుతుంది, దాన్ని సరిచేసే దారే లేదు. డైవ్ తర్వాత చెవి నొప్పెడుతుంటే మన ఇళ్ళలో వేసే వెల్లుల్లి కాచిన నూనె కూడా వేయకండి. కర్ణభేరి చిరిగి ఉంటే అది నేరుగా మధ్య చెవిలోకి పోతుంది. చెవి పొడిగా ఉంచి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వాళ్ళు సరేననేదాకా నీళ్ళలోకి దిగొద్దు. విమానం ఎక్కేముందు కూడా అడగండి. ఏ గాయమూ లేకపోతే రోజూ డైవ్ అయ్యాక మంచినీళ్ళతో చెవి కడిగి తుడుచుకోవడం చాలు, ఇయర్‌బడ్స్ పెట్టొద్దు. ఉప్పునీటికి నానిన చర్మం బడ్స్‌తో గీరుకుపోయి చీము పడుతుంది.

అపోహ: నీళ్ళలో ఊపిరి బిగబట్టాలి

ఈతలో నేర్చుకున్న అలవాటు ఇది. స్కూబాలో మొదటి నియమం దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. 10 మీటర్ల లోతులో నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. గొంతు మూసి ఉంటే ఊపిరితిత్తి చిరిగి, గాలి బుడగలు రక్తంలోకి వెళ్ళి మెదడుకి చేరతాయి. నిండు ఊపిరితో మీటరు, మీటరున్నర పైకి వచ్చినా ఈ ముప్పు ఉంటుంది. అంటే స్విమ్మింగ్ పూల్ శిక్షణలో కూడా. కంగారుపడి పైకి దూసుకురావడం ఎందుకంత ప్రమాదమో ఇప్పుడు అర్థమై ఉంటుంది. భయమేస్తే ఆగి, నెమ్మదిగా పొడవుగా బయటికి వదలండి. పీల్చడం కన్నా వదలడం మీద దృష్టి పెడితే గుండె దడ తగ్గుతుంది. రెగ్యులేటర్ నోట్లోంచి జారినా చిన్న బుడగలు వదులుతూ దాన్ని మళ్ళీ పెట్టుకోవాలి. వాంతి వస్తే కూడా రెగ్యులేటర్ తీయకండి, దాంట్లోనే చేసి, దాని మీదుండే పర్జ్ బటన్ (గాలిని బలంగా వదిలేది) నొక్కితే శుభ్రమవుతుంది. తీస్తే వాంతి తర్వాత తప్పనిసరిగా వచ్చే పెద్ద శ్వాస నీళ్ళని పీలుస్తుంది.

మిగతావి చకచకా.

సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే గాలే. 21 శాతం ఆక్సిజన్, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్, 200 బార్, అంటే మామూలు గాలికి దాదాపు 200 రెట్ల ఒత్తిడికి కుక్కినది. శుద్ధ ఆక్సిజన్‌తో 6 మీటర్లు దాటితే అది విషమై ఫిట్స్ రావొచ్చు. గేజ్‌లో 50 బార్ మిగిలి ఉండగానే పైకి చేరేలా లెక్క వేసుకుంటాం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం అందులో భాగమే.

ఈత రాకపోయినా ట్రయల్ డైవ్ చేయొచ్చు, గరిష్ఠంగా 12 మీటర్లు. ఓపెన్ వాటర్ (మొదటి స్థాయి డైవర్) సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఆగకుండా 200 మీటర్లు ఈది, 10 నిమిషాలు తేలి చూపించాలి. ఈత రాదని సిగ్గుపడాల్సింది లేదు. ఆస్తమా, ఫిట్స్, పాత చెవి ఆపరేషన్, గర్భం లాంటివి మెడికల్ ఫారంలో దాచడమే తప్పు. ఆ ఫారం మిమ్మల్ని వెనక్కి పంపడానికి పెట్టింది కాదు. అవునని రాస్తే డాక్టర్ సంతకం అడుగుతాం. అది ఊరి నుంచి బయల్దేరేముందే తెచ్చుకుంటే సరిపోతుంది.

షార్కులు కనిపిస్తే అదృష్టం. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఉప్పునీటి మొసళ్ళ గురించి. 2010లో రాధానగర్ బీచ్ పక్కనున్న నీల్స్ కోవ్‌లో ఒక పర్యాటకురాలిని మొసలి చంపింది. మడ అడవుల వాగులు సముద్రంలో కలిసేచోట, హెచ్చరిక బోర్డున్న చోట, చీకటి పడ్డాక దిగకండి.

పడవ ప్రయాణానికి ఖాళీ కడుపు మంచిదనేది ఇంకొక నమ్మకం. ఇడ్లీ, అరటిపండు తిని రండి. నూనె సరుకు, కడుపు నిండా కాఫీ వద్దు. వాంతుల మాత్ర పడవ ఊగడం మొదలయ్యాక పనిచేయదు, బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి. అవొమిన్ లాంటివి బాగా నిద్ర మత్తు ఇస్తాయి. అది డైవ్ రోజు పనికిరాదు కాబట్టి ఏది వేసుకోవాలో డాక్టర్‌ని అడిగి, ఊళ్ళోనే ఒకసారి వేసుకుని చూడండి. పడవ మధ్యలో కూర్చుని దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతని చూడండి, ఫోన్ చూడకండి. డీజిల్ పొగ వచ్చే వైపు కూర్చోవద్దు.

అపోహ: చివరి రోజు పొద్దున డైవ్ చేసి, మధ్యాహ్నం విమానం ఎక్కొచ్చు

దీనివల్ల ప్లాన్లు తారుమారైపోయి బాధపడేవాళ్ళు చాలామంది. డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ గంటలకొద్దీ మెల్లగా బయటికి వెళ్తుంది. విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తు మీద ఉన్నట్టు ఉంటుంది. ఒత్తిడి తగ్గేసరికి ఆ నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్ళ నొప్పులు, తిమ్మిర్లు, పక్షవాతం దాకా తేవచ్చు. ఒకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుకి రెండు మూడు చొప్పున వరుసగా చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. మేము అందరికీ 24 చెబుతాం. ఫెర్రీకి ఈ పట్టింపు లేదు, అది సముద్ర మట్టం మీదే పోతుంది. విశాఖకో చెన్నైకో ఓడలో తిరిగి వెళ్ళేవాళ్ళకూ లేదు.

కాబట్టి దీవుల వరుస ఇలా పెట్టుకోండి. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) విమానం దిగిన మర్నాడే ఫెర్రీలో హేవ్‌లాక్‌కి వచ్చేసి డైవ్‌లు ముందు ముగించండి. తర్వాత నీల్ దీవి (ఇప్పుడు షహీద్ ద్వీప్). పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలు, పక్కనున్న రాస్ ఐలాండ్ (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్) విమానం ఎక్కే ముందురోజుకి ఉంచండి. గాలి ఎక్కువై ఫెర్రీ రద్దయితే సర్దుకోవడానికి ఒక రోజు ఖాళీ వదలండి. మధ్యలో జలుబు చేసి చెవి వదలకపోయినా, డైవ్‌ని వాయిదా వేసుకోవడానికి ఆ రోజే పనికొస్తుంది.