చెట్టు మీంచి తాడుతో దిగడం: అపోహలు - వాస్తవాలు

వాయుగుండం పట్టిందంటే మా నెల్లూరు జిల్లాలో చెట్లు కొట్టేవాళ్లకు చేతినిండా పని. రోడ్ల పక్క నిద్రగన్నేర్లు విరిగి ఇళ్ల మీద వాలుతాయి. ఎక్కేటప్పుడు ఒళ్లు దగ్గరపెట్టుకునే కుర్రాళ్లే దిగేటప్పుడు తొందరపడతారు. కింద టీ వచ్చి ఉంటుంది మరి!

అపోహ: మంచి గ్లౌజులు, గట్టి పిడికిలి ఉంటే చాలు.

మనిషిని ఆపేది పిడికిలి కాదు, చుట్టు. జువ్వలదిన్నె రేవులో చూడండి, గుంజకు రెండు చుట్లు తిప్పి ఒక్క మనిషి పడవను నిలబెట్టేస్తాడు. ఘర్షణ గుణకం 0.25 అనుకుంటే ఒక పూర్తి చుట్టుకు బిగువు అయిదో వంతుకు పడిపోతుంది. రెండో చుట్టుకు ఇరవయ్యో వంతు కూడా మిగలదు. అంటే 70 కిలోల మనిషి చేతికి వచ్చేది సుమారు మూడు కిలోలే. తాడు చుట్టి దిగడానికి నడుముకు తగిలించుకునే 8 అంకె ఆకారపు లోహపు రింగు, అదే ఫిగర్ ఎయిట్, అందులో జరిగేదీ ఇదే. కాకపోతే కింది చేయి తాడును తొడ పక్కకు లాగి ఉంచాలి. చేయి పైకి లేపావా, చుట్టు తగ్గిపోతుంది, దాంతోపాటు పట్టూ పోతుంది.

అపోహ: నెమ్మదిగా దిగితే వేడే పుట్టదు.

70 కిలోల మనిషి 15 మీటర్లు దిగితే పుట్టే వేడి సుమారు 10,300 జూళ్లు. పాకుతూ దిగినా దూకుతూ దిగినా అంతే. నెమ్మదిగా దిగితే అది గాలిలోకి పోయే వ్యవధి దొరుకుతుంది, అదీ లాభం. ఆ వేడంతా 150 గ్రాముల అల్యూమినియం రింగే తాగితే 75 డిగ్రీలు ఎక్కుతుంది. మే నెల ఎండలో మొదలుపెట్టిన రింగు సంగతి మీరే ఊహించుకోండి. సర్రున దిగి మధ్యలో ఆగిపోవడం అన్నిటికన్నా చెడ్డది: కాలిన రింగు తాడు మీద ఒకేచోట కూర్చుంటుంది. నేల తాకగానే రింగులోంచి తాడు తీసెయ్యాలి, ఒట్టి చేత్తో మాత్రం వద్దు.

అపోహ: ఈ తాడు లారీనే లాగింది, మనల్ని మొయ్యదా?

మోస్తుంది, కానీ రాపిడికి ఓర్చదు. అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ తాడైతే సుమారు 165 డిగ్రీలకే కరుగుతుంది, మెత్తబడటం ఇంకా ముందే. నైలాన్ 220 దాటాకే కరుగుతుంది. ఎక్కడానికి అమ్మే తాడు ఖరీదంటారు గానీ, ఆ బేరం నేనాడను.

అపోహ: తాడుకు పట్టుముడి (బరువు పడితే తాడును బిగించి పట్టుకునే ముడి) వేసుకున్నాంగా, అదే ఆపుతుంది.

ఇది నేనూ నమ్మినదే. కావలి దగ్గర ఒక చెట్టు మీంచి ఒంటి తాడుకు బ్లేక్స్ ముడి అనే పట్టుముడి వేసి దిగాను. సగం దూరంలో కమురు వాసన! కిందికొచ్చి చూసుకుంటే ముడి లోపలి పోగులు గాజులా మెరుస్తూ గట్టిపడి ఉన్నాయి. అలా మెరుపెక్కిన ముడికి పట్టు ఉండదు. తప్పు ముడిది కాదు. కొమ్మ మీంచి రెండు పేటలుగా వచ్చే తాడు మీద ముడికి పడేది సుమారు సగం బరువే. ఒంటి తాడు మీద మొత్తం దానిదే. అలాంటప్పుడు ముడికి పైన రాపిడి పంచుకునే పరికరం ఒకటి ఉండాలి, లేదా ఫిగర్ ఎయిట్ మీద దిగుతూ ముడిని కాపుగా మాత్రమే ఉంచుకోవాలి.

ఇంకో తిరకాసుంది. జారినప్పుడు మనిషి చేతికందింది బిగించి పట్టుకుంటాడు. ముడినే పట్టుకుంటే అది బిగుసుకోదు, మనిషితోపాటు జారుతూనే ఉంటుంది. వదిలితేనే ఆగుతుంది. "భయమేస్తే వదిలెయ్" అని కుర్రాళ్లకు చెప్తే "ఏందన్నా, తమాషానా?" అంటారు. మీటరు ఎత్తులో పదిసార్లు వదిలించి చూపిస్తేగానీ నమ్మరు.

అపోహ: తడిసిన తాడుకు పట్టు ఇంకా ఎక్కువ.

ఒక్కో తాడు ఒక్కో రకం. కొన్ని ముడులు జారతాయి, కొన్ని విప్పలేనంత బిగుస్తాయి. పైగా తడిసిన నైలాన్‌కు బలం కొంత తగ్గుతుంది. వానలో పని పడితే ముందు నేలకు జానెడు ఎత్తులో వేలాడి చూస్తాం. తాడు చివర ముడి కూడా అప్పుడే వేస్తాం, కొస రింగులోంచి జారిపోకుండా. కింద నిలబడ్డ మనిషి ఆ ముడి చూసి "ఉందన్నా" అని అరిచాకే నేను పైకి కదులుతాను.