నారు ముదరకముందే పీకేసే డయాక్సిన్

ప్లాస్టిక్ చెత్త తగలబెట్టిన పొగకు రోగనిరోధక శక్తి తగ్గుతుందా అని ఒక పాఠకురాలు అడిగారు. పీవీసీ లాంటి క్లోరిన్ ఉన్న చెత్త చాలీచాలని వేడిలో మండితే డయాక్సిన్లు పుడతాయి. వీటిలో అతి విషపూరితమైనది టీసీడీడీ. ప్రయోగశాలలో దాన్ని ఇచ్చిన జంతువుల్లో తప్పకుండా కనిపించే లక్షణం థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం.

రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్, రోగాలతో పోరాడే టీ కణాలు పెరిగే ఒక నారుమడి. విత్తనాలు ఎముక మజ్జ నుంచి వస్తాయి. మొదట ఈ కణాల మీద సీడీ4, సీడీ8 అనే ప్రోటీన్ గుర్తులు రెండూ ఉండవు. తర్వాత రెండూ వస్తాయి, చివరికి ఒక్కటే మిగులుతుంది. మధ్యలో కేళీల (మడిలో మొలిచే పనికిరాని మొక్కల్లాంటి కణాల) ఏరివేత ఉంటుంది: సొంత శరీరం మీదే తిరగబడే కణాలను అక్కడే చంపేస్తారు. ఏ పనికీ రానివి వాటంతటవే పోతాయి. నూటికి ఐదు కూడా బయటపడవు. పాఠాల్లో ‘టీ కణాలు థైమస్‌లో పరిపక్వమవుతాయి’ అని ఒక్క వాక్యంతో దాటేసేది ఈ ఏరివేతనే!

ఇక టీసీడీడీ సంగతి. కణంలో ఏహెచ్ఆర్ అనే గ్రాహక ప్రోటీన్, హెచ్ఎస్పీ90 అనే మరో ప్రోటీన్‌ని అంటిపెట్టుకుని ఊరికే ఉంటుంది. టీసీడీడీ అంటుకోగానే కేంద్రకంలోకి వెళ్లి, ఆర్నట్ అనే ప్రోటీన్‌తో జతకట్టి, డీఎన్ఏలో జీసీజీటీజీ అనే అక్షరాలున్న చోట కూర్చుని జన్యువులను మేల్కొలుపుతుంది. క్యాబేజీ తిన్నా ఇదే గ్రాహకం కాస్త మేల్కొంటుంది, కానీ ఆ పదార్థాలను సీవైపీ1ఏ1 ఎంజైము త్వరగా అరగదీస్తుంది. టీసీడీడీలో 2, 3, 7, 8 స్థానాల్లో క్లోరిన్లు కాపలా కాస్తుంటే ఎంజైముకు పళ్లు ఆనవు. అందుకే మన ఒంట్లో దాని అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) ఏడేళ్లకు పైమాటే.

అలా మేల్కొన్న జన్యువుల్లో కేఎల్ఎఫ్2 ఒకటి. మామూలుగా ఇది ముదిరిన నారులోనే పనిచేసి, రక్తంలోకి వెళ్లే దారి తెరుస్తుంది. టీసీడీడీ ఇచ్చిన చిట్టెలుకల్లో ఇంకా ఏ గుర్తూ లేని లేత కణాల్లోనే ఇది తెరుచుకుంటుంది. లేత నారు మడి దాటిపోతుంది, మిగిలింది విభజన మానేస్తుంది. గ్రంథిలో దాదాపు 80 శాతం రెండు గుర్తులున్న కణాలే. వాటికి కొత్త సరఫరా ఆగితే మడి ఖాళీ. ఏహెచ్ఆర్ జన్యువు తీసేసిన ఎలుకలకు అదే మోతాదు ఇచ్చినా థైమస్ చెక్కుచెదరదు, కనుక దోషం ఎక్కడుందో స్పష్టమే. ‘ఇమ్యూనిటీ పెంచే’ కషాయాలు ఈ తలుపు దగ్గర ఏం చేస్తాయో అమ్మేవాళ్లనే అడగాలి.

పెద్దల్లో థైమస్ ఎలాగూ కొవ్వుగా మారిపోతుంది. కాబట్టి అసలు భయం గర్భస్థ శిశువుకే. తూర్పు స్లొవేకియాలో డయాక్సిన్ల చుట్టాలైన పీసీబీలు తల్లి రక్తంలో ఎక్కువగా ఉన్నచోట, నవజాత శిశువుల థైమస్ చిన్నగా ఉన్నట్టు అల్ట్రాసౌండ్‌లో కనిపించింది.

ఇక పొగ విషయం: మనుషులకు చేరే డయాక్సిన్‌లో 90 శాతానికి పైగా తిండి ద్వారానే, ముఖ్యంగా కొవ్వు ద్వారా వస్తుంది. పొగ గడ్డి మీద వాలుతుంది, గేదె మేస్తుంది, పెరుగు మీగడలో మనకు చేరుతుంది.