బరంపురంలో పేటకో వాతావరణం: అపోహలు, వాస్తవాలు

వేసవి వచ్చిందంటే ఒడిశాలోని బరంపురం వాళ్లమంతా ఊరు మొత్తానికీ ఒకే ఉష్ణోగ్రత చెప్పుకుంటాం. వాతావరణ పరికరాలను అమర్చి, వాటి లెక్కలు చూసే పనిలో ఉన్నవాణ్ని కనుక, ఆ ఒక్క అంకె దాచిపెట్టే తేడాలను గురించి తరచుగా వినిపించే అపోహలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: సముద్రానికి దగ్గరగా ఉంటే వేసవి సుఖంగా గడుస్తుంది.

వాస్తవం: తీరాన గరిష్ఠ ఉష్ణోగ్రత తక్కువగా ఉండే మాట నిజమే కాని, సుఖం లెక్క వేరు. పొద్దెక్కేకొద్దీ నేల నీటికన్నా త్వరగా వేడెక్కి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రపు గాలి వస్తుంది. అది ముందుగా గోపాలపూర్ ఒడ్డును తాకి, అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న బరంపురం నడిబొడ్డుకు ఆలస్యంగా చేరుతుంది. పడమటి గాలి బలంగా వీచే రోజున దారిలోనే నిలిచిపోవచ్చు కూడా. అటువంటి మధ్యాహ్నం సముద్రానికి దూరంగా ఉన్న ఆస్కా రోడ్డు చివరి కాలనీల వారికి వడగాడ్పు, గోపాలపూర్ వారికి ఉక్కపోత తప్పవు.

ఆ ఉక్కపోతను తక్కువగా అంచనా వేయకూడదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వేడినీ తేమనూ కలిపి ఒంటికి ఎంత వేడి అనిపిస్తుందో చెప్పే ఉష్ణ సూచిక లెక్క ప్రకారం 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న చోట నీడలో నిలబడిన మనిషికి దాదాపు 39 డిగ్రీలున్నట్లు అనిపిస్తే, 34 డిగ్రీలే ఉండి తేమ 75 శాతానికి చేరిన చోట దాదాపు 49 డిగ్రీలున్నట్లు అనిపిస్తుంది. భారత వాతావరణ శాఖ వడగాడ్పును నిర్ణయించడానికి మైదానాలకు 40, తీర ప్రాంతాలకు 37 డిగ్రీల హద్దును పెట్టి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీల పెరుగుదలను చూస్తుంది. హద్దులు వేరుగా ఉండడం నాకు సబబుగానే తోస్తుంది.

అపోహ: ఊరి మధ్య వేడి అంతా పగటి ఎండ వల్లనే.

వాస్తవం: ఊరికీ పొలానికీ మధ్య తేడా బాగా బయటపడేది రాత్రివేళ. బడా బజార్ వంటి ఇరుకైన పాత పేటల్లో గోడలు, డాబాలు, సిమెంటు రోడ్లు పగలంతా దాచుకున్న వేడిని చీకటి పడ్డాక మెల్లగా వదులుతాయి. ఎదురెదురు గోడల మధ్య ఆకాశం సన్నగా కనిపించే సందుల్లో ఆ వేడి పైకి పోవడం మరీ కష్టం. ఊరి శివార్ల పొలాల్లో అడ్డు లేదు కనుక నేల త్వరగా చల్లారుతుంది. గాలి ఆడని, మబ్బు లేని చలికాలపు రాత్రుల్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది: శివార్లలో మంచు కురుస్తుంటే పాత పేటల్లో చలి అంతగా ఉండదు, గోపాలపూర్‌లోనేమో సముద్రమే చలిని అదుపులో ఉంచుతుంది.

అపోహ: మా డాబా మీది థర్మామీటరు 46 చూపింది, అధికారిక అంకె తప్పు.

వాస్తవం: అధికారిక కొలత నీడలో, నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున, గాలి ఆడేలా పలకలు అమర్చిన తెల్లని పెట్టెలో తీసుకుంటారు. డాబా మీద ఎండ తగిలే థర్మామీటరు కొలిచేది ముఖ్యంగా తనకు పట్టిన వేడినే. అయితే గోపాలపూర్ పరిశీలన కేంద్రంలోని అంకెను తెచ్చి బరంపురానికి అంటగట్టడమూ అంతే పొరపాటు.

అపోహ: ఫోన్‌లో కనిపించేది మా వీధి ఉష్ణోగ్రత.

వాస్తవం: అది సాధారణంగా కంప్యూటర్ నమూనా ఇచ్చే అంచనా. ఆ నమూనా నేలను గడులుగా విడదీసి ఒక్కో గడికి ఒక్కో అంకె ఇస్తుంది. చాలా ప్రపంచ నమూనాల్లో ఒక్కో గడి 9 నుంచి 25 కిలోమీటర్ల వరకు ఉంటుంది కనుక తీరం దగ్గరి గడిలో సముద్రమూ నేలా కలిసిపోవచ్చు.

వాన సంగతి ఇంకా విచిత్రం. ఉరుముల మబ్బు కొద్ది కిలోమీటర్ల వెడల్పే ఉండవచ్చు కనుక లంజిపల్లిలో కాలువలు పొంగినా భంజవిహార్ నేల తడవకపోవచ్చు, అప్పుడు రెండు చోట్ల కొలతలూ సరైనవే. పైగా వర్షపాతపు రోజును ఉదయం 8:30 నుంచి మర్నాటి ఉదయం 8:30 వరకు లెక్కిస్తారు కాబట్టి, సోమవారం రాత్రి కురిసిన వాన మంగళవారం ఉదయపు నమోదులో కనిపిస్తుంది.