సర్పంచ్ పేరు వార్తలో ఎందుకు లేదు? డెస్క్ మనిషి చెప్పే అపోహలు - వాస్తవాలు

పదిహేనేళ్లకు పైగా తెలుగు వార్తలు దిద్దుతున్నాను, మొదట పత్రికలో, ఇప్పుడు వెబ్‌లో. రాజకీయాల్లో ఉన్న ఆడవాళ్ల పని వదిలేసి చీర, చుట్టరికం గురించే ఎందుకు రాస్తారని అడిగితే మా వాళ్లు చెప్పే జవాబులు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం నేనూ చెప్పినవే.

అపోహ: వివక్ష అంటే బూతులు, వెకిలి మాటలు. అవి మేం వెయ్యం కదా!

వాస్తవం: బూతు ఇట్టే దొరికిపోతుంది, కొట్టేస్తాం. దొరకనిది వేరే ఉంది. ఓసారి జిల్లా పేజీకి ఒక ఊరి నుంచి సీసీ రోడ్డు వార్త వచ్చింది. సర్పంచ్ భర్త పనులు ప్రారంభించారని మూడు పేరాలు, ఫొటోలో కొబ్బరికాయ కొడుతున్నదీ ఆయనే, సర్పంచ్ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ వార్త పంపిన కంట్రిబ్యూటర్‌కి (ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరికి) ఫోన్ చేస్తే "ఆవిడ మాట్లాడరు మేడమ్, నా దగ్గర ఉన్నది ఆయన నంబరే" అన్నాడు. అతన్ని కోప్పడి మా ఆఫీసు లిస్టు తీసి చూస్తే అందులోనూ ఆయన నంబరే! రెండు తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీల్లో సగం పదవులు మహిళలకు రిజర్వు అయ్యాయి. మా లిస్టుకి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

అపోహ: చీర గురించి అన్నది నాయకుడు. మేం రాశామంతే.

వాస్తవం: 2024 ఏప్రిల్‌లో పులివెందులలో జగన్ తన చెల్లెలు షర్మిల పసుపు చీర కట్టుకుని ప్రత్యర్థుల దగ్గరికి వెళ్లారని విమర్శించారు. అప్పుడు ఆయన ముఖ్యమంత్రి, ఆమె ఏపీ కాంగ్రెస్ అధ్యక్షురాలు, కడప లోక్‌సభ అభ్యర్థి. అది వార్తే, వెయ్యాల్సిందే, కాదనను. కానీ దాన్ని తిప్పి తిప్పి థంబ్‌నైల్‌గా పెట్టి, చీర చుట్టూ ఎర్ర గీత గీసి, చర్చ పెట్టమని ఏ నాయకుడూ మాకు చెప్పలేదు. కడపకి ఆమె ఏం చేస్తానంటున్నారో చెప్పే ముక్క మాత్రం పేజీ అడుక్కి పోయింది.

అపోహ: డెస్కులో ఆడవాళ్లుంటే ఇవి జరగవు.

వాస్తవం: ఆ ఎర్ర గీత గీసింది నేనే.

అపోహ: జనానికి కావాల్సింది అదే.

వాస్తవం: 2011 జులైలో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి హీనా రబ్బానీ ఖర్ చర్చలకు ఢిల్లీ వచ్చినప్పుడు ఆమె హ్యాండ్‌బ్యాగు, నల్ల కళ్లద్దాలు, ముత్యాల హారం గురించి మన మీడియా ఎంత రాసిందో! అవతల కూర్చున్న మన మంత్రి ఎస్.ఎం.కృష్ణ కూడా సూటు బూటు విషయంలో శ్రద్ధ ఉన్న మనిషే, అయినా ఆయన సూటు ఖరీదు నేనెక్కడా చదివినట్టు గుర్తులేదు. పైన పెట్టిందే జనం ముందు చూస్తారు. పైన ఏం పెట్టాలో తేల్చేది మేమే.

అపోహ: ఒట్టి పేరుతో రాయడమే అగౌరవం.

వాస్తవం: మగవాళ్లని ఇంటిపేరుతో, ఆడవాళ్లని ఒట్టి పేరుతో రాస్తారన్నది ఇంగ్లిషు పత్రికల గొడవ, మనకి అంతగా అతకదు. చంద్రబాబు, జగన్, రేవంత్ అని మగవాళ్లనీ పేరుతోనే రాస్తాం. మన దగ్గర చిక్కంతా చుట్టరికంతో వస్తుంది. కవిత 2014లోనే నిజామాబాద్ ఎంపీగా గెలిచారు, అయినా 'కేసీఆర్ తనయ' అన్న మాట ఆమెను వదల్లేదు. అన్నకేమో మూడు ఇంగ్లిషు అక్షరాల సొంత పేరు ఎప్పుడో స్థిరపడింది. వారసత్వం గురించి రాయొద్దనడం లేదు, రాస్తే ఇద్దరికీ ఒకేలా రాయండి.

అన్నట్టు, ఆ సర్పంచ్ సొంత నంబరు సంపాదించడానికి నాలుగు రోజులు పట్టింది. చేస్తే మొదటి రింగుకే ఎత్తారు. రోడ్డు గురించి ఒక్క మాట అడిగితే, పక్కన డ్రైనేజీ లేకుండా రోడ్డేస్తే రెండు వానలకే పోతుందని, ఆ డబ్బులు ఎక్కడ ఆగాయో పావుగంట చెప్పారు.