ఎన్‌గొరోంగొరో: మసాయిలకు ఇచ్చిన మాట ఏమైంది?

టాంజానియా ఉత్తరాన, కెన్యా సరిహద్దును ఆనుకుని ఉన్న జిల్లా ఎన్‌గొరోంగొరో. ఆ పేరు వినగానే టూరిస్టులకు గుర్తొచ్చేది సుమారు 600 మీటర్ల లోతున్న అగ్నిపర్వత బిలం, అందులో తిరిగే ఏనుగులు, సింహాలు. ఆ బిలం జిల్లాలో ఒక మూల మాత్రమే. దక్షిణాన చలి కొండలు, పడమర సెరెంగెటి వైపు పొట్టి గడ్డి మైదానాలు, తూర్పున ఇప్పటికీ రగిలే అగ్నిపర్వతం ఓల్ డోయిన్యో లెంగాయ్. ఇక్కడి మసాయి తెగవాళ్లకు అది దేవుడి కొండ. సాలే ప్రాంతంలో సోంజో తెగవాళ్లు ఊట నీటిని కాలువలకు మళ్లించి సేద్యం చేస్తారు. మిగతా చోట్ల ఎక్కువమంది పశువుల మీద బతికే మసాయిలే.

వర్షాలు పడ్డాక, ఫిబ్రవరి ప్రాంతంలో, మైదానాల్లో జింక జాతికి చెందిన వైల్డ్‌బీస్ట్‌లు ఈనుతాయి. వాటి దూడల నుంచి ఆవులకు ప్రాణాంతకమైన జ్వరం సోకుతుంది. అందుకే కింద మేత ఎంత పచ్చగా ఉన్నా మసాయిలు మందల్ని కొండల మీదే ఉంచి, ఆ రోజులు దాటాకే దింపుతారు. అడవి జంతువులతో కలిసి బతకడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అయినా 1959లో బ్రిటిష్ పాలకులు సెరెంగెటిని మనుషులు ఉండకూడని పార్కుగా విడదీసి, అక్కడి మసాయిలను పంపేశారు. బదులుగా 8,292 చదరపు కిలోమీటర్ల ఎన్‌గొరోంగొరో సంరక్షణ ప్రాంతంలో జంతువులతో పాటు వాళ్లూ ఉండొచ్చన్నారు. నేటి గొడవకు మూలం ఆ మాటే. 1974లో బిలం అడుగున ఉన్న కుటుంబాలను ఖాళీ చేయించారు. మరుసటి ఏడాది సాగు నిషేధించారు. 1992లో ఎత్తేసి, 2009లో మళ్లీ పెట్టారు. పాడి ఒక్కదానితో కడుపు నిండని ఇళ్లకు పెరటి మొక్కజొన్న కూడా లేకుండా పోయింది.

మొదట్లో దాదాపు 8,000 ఉన్న జనాభా లక్షకు చేరిందని, ఆ నేల ఇంతమందిని మోయలేదని ప్రభుత్వం అంటోంది. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. కానీ జిల్లా ఉత్తరాన ఉన్న లోలియోండోలో 1992లోనే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశపు కంపెనీకి వేట హక్కులు ఇచ్చారు. 2009లో అదే చోట మసాయిల ఇళ్లు తగలబడ్డాయి. వేటగాళ్లకు చోటున్న నేల ఆవులకు ఇరుకైందంటే మసాయిలు ఎలా నమ్ముతారు?

2022 జూన్‌లో పోలీసులు లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణులకు వేరుచేస్తూ హద్దురాళ్లు పాతారు. ఘర్షణలో ఒక పోలీసు చనిపోయాడు, చాలామంది మసాయిలకు తూటాలు తగిలాయి. అదే ఏడాది సంరక్షణ ప్రాంతం నుంచి కుటుంబాలను టాంగా ప్రాంతంలోని మ్సోమెరాకు తరలించడం మొదలైంది. స్వచ్ఛందమేనని ప్రభుత్వం అంటోంది. బడులకు, వైద్యానికి నిధులు ఆపి పొగబెడుతున్నారని కదలకుండా సంరక్షణ ప్రాంతంలోనే ఉన్నవాళ్లు అంటున్నారు.

2024 ఆగస్టులో సంరక్షణ ప్రాంతంలోని గ్రామాల గుర్తింపునే రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. వేలమంది మసాయిలు సెరెంగెటికి వెళ్లే రోడ్డు మీద బైఠాయించారు. కొద్ది రోజులకే అరూషా హైకోర్టు ఆ ఉత్తర్వు అమలును నిలిపివేసింది.