ఇంగ్లీషు కామా, తెలుగు క్రియ

చెన్నైలో చదువుకునే తెలుగు పిల్లల ఇంగ్లీషు నోటుబుక్కులు తిరగేస్తే ఒకే తప్పు రకరకాల వేషాల్లో కనిపిస్తుంది: "మై మదర్ వెంట్ టు మైలాపూర్, షీ బాట్ వెజిటబుల్స్." టీచరు ఆ కామాను ఎర్ర సిరాతో చుట్టేస్తారు. ఎందుకు తప్పో మాత్రం చాలాసార్లు చెప్పరు. నిజానికి ఆ తప్పు పుట్టేది తెలుగు వాక్యం నడిచే తీరులోంచే.

"అమ్మ పొద్దున్నే లేచి స్నానం చేసి మైలాపూరు వెళ్లి కూరగాయలు తెచ్చింది." పనులు నాలుగు, సమాపక క్రియ (వాక్యాన్ని ముగించే క్రియ) ఒక్కటే. "లేచి" అనగానే రెండు సంగతులు తెలిసిపోతాయి: మాట ఇంకా పూర్తి కాలేదు, తర్వాతి పని చేసేదీ అమ్మే. ఒక్క కామా లేకపోయినా అర్థం చెదరదు. చేసేవారు మారితే సాధారణంగా క్రియారూపమే మారుతుంది. "అమ్మ వెళ్లాక నాన్న వచ్చాడు" అంటాం. ("వర్షం కురిసి చెరువు నిండింది" వంటి కారణం చెప్పే వాక్యాలకు మినహాయింపు ఉంది.) తమిళంలోనూ ఇదే పద్ధతి: "పోయి వాంగి వందాళ్" (వెళ్లి కొని వచ్చింది). అందుకే పక్కింటి తమిళ పిల్లవాడూ ఆ కామా దగ్గరే తడబడతాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానివని 1816లో ఈ మద్రాసులోనే ఎఫ్. డబ్ల్యూ. ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి నిరూపించాడు.

ఇంగ్లీషులో "వెంట్", "బాట్" రెండూ సమాపక క్రియలే. దేనికదే పూర్తి వాక్యం. రెండు పూర్తి వాక్యాలను కలిపి ఉంచే బలం కామాకు లేదు. ఫుల్‌స్టాప్‌గానీ సెమికోలన్‌గానీ పెట్టాలి, లేదా కామాకు "అండ్", "బట్" లాంటి మాటను తోడివ్వాలి.

"ఊపిరి తీసుకునే చోట కామా పెట్టు" అన్న సలహా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. కర్త పొడవుగా ఉంటే దాని తర్వాత గొంతు దానంతటదే ఆగుతుంది: "ది స్టూడెంట్స్ హూ కేమ్ లేట్ ఫ్రమ్ తాంబరం, వర్ సెంట్ హోమ్." ఇలా కర్తనూ క్రియనూ విడదీసే ఒంటరి కామా నేటి ఇంగ్లీషులో తప్పు. ఒకప్పుడు చెల్లుబాటయింది. 1791లో ఆమోదం పొందిన అమెరికా రాజ్యాంగ రెండో సవరణలో ఆయుధాల హక్కును చెప్పే పొడవాటి కర్త ముగిశాక, "షల్ నాట్"కు ముందు కామా ఉంది. ఆ కాలపు కామా ఎక్కువగా గొంతు వెంట నడిచేది. క్రమంగా వ్యాకరణం వెంట నడవసాగింది. కాబట్టి పిల్లల చేత ముందు సమాపక క్రియల కింద పెన్సిల్‌తో గీత గీయించాలి. రెండు గీతల మధ్యగానీ మొదటి గీతకు ముందుగానీ కలిపే మాటేదీ ("అండ్", "వెన్", "హూ" లాంటిది) లేక కామా ఒక్కటే మిగిలితే, సరిచేయాల్సిన చోటు అదే.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది మరో జంట కామాల సంగతి. "చెన్నైలో ఉండే మా అన్నయ్య డాక్టరు" అన్నప్పుడు అన్నయ్యలు ఎందరో తెలుగు చెప్పదు. "మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ చెన్నై ఈజ్ ఎ డాక్టర్" అని కామాలు లేకుండా రాస్తే, వేరే ఊళ్లో ఇంకో సోదరుడు ఉన్నాడని సూచన. "బ్రదర్" తర్వాత ఒకటి, "చెన్నై" తర్వాత ఒకటి పెడితే ఉన్నది ఒక్కడే; ఊరు కేవలం అదనపు సమాచారం. ఇదే తేడా తెలుగులో తేలాలంటే విరామచిహ్నాలు సరిపోవు, "మా ఒక్కగానొక్క అన్నయ్య" అనో "మా అన్నయ్యల్లో చెన్నైలో ఉండే ఆయన" అనో రాయాల్సిందే.