పట్టుకుంటే ఆగేది కాళ్లే: గ్రాపుల్ రూల్స్ మీద అపోహలు, వాస్తవాలు

విజయవాడ మొగల్రాజపురంలో మా ఇంట్లో ప్రతి ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) ఆడిస్తాను. కొత్తగా ఎవరొచ్చినా మొదటి వాదన గ్రాపుల్ (శత్రువును చేత్తో పట్టుకోవడం) దగ్గరే వస్తుంది. "అన్నా, వాణ్ణి పట్టేసుకున్నాను కదా, ఇంకెలా కొడతాడు?"

అపోహ: పట్టుకుంటే వాడి పని అయిపోయినట్టే.

కాదు. గ్రాపుల్ అయినవాడి స్పీడ్ (ఒక వంతులో కదలగల దూరం) సున్నా అవుతుంది, అంతే. కత్తి తిప్పగలడు, మంత్రం వేయగలడు. చెడుగుడు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కూతకెళ్లినవాడి చీలమండ దొరికినా చెయ్యి గీత వైపు సాగుతూనే ఉంటుంది కదా! ఈ ఆటకు 2014లో వచ్చిన రూల్స్‌లో వాడి దెబ్బకు ఏ అడ్డూ లేదు. 2024లో మార్చారు: తనను పట్టుకున్నవాణ్ణి వదిలేసి ఇంకెవరినైనా కొట్టబోతే డిసడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. ఈ మార్పు నాకు చాలా నచ్చింది. పట్టుకున్నవాడు ఇప్పుడు తోటివాళ్లకు నిజంగా అడ్డుగోడ.

అపోహ: గ్రాపుల్డ్, రెస్ట్రెయిన్డ్ రెండూ ఒకటే.

రెస్ట్రెయిన్డ్ చాలా గట్టిది. వల, సాలెగూడు మంత్రం లాంటివాటితో వస్తుంది. స్పీడ్ సున్నాతో పాటు వాడి దెబ్బలకు, డెక్స్టెరిటీ సేవ్‌లకు (చురుకుదనంతో ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచికలకు) డిసడ్వాంటేజ్. వాణ్ణి కొట్టేవాళ్లకు అడ్వాంటేజ్, అంటే రెండు పాచికల్లో ఎక్కువది తీసుకోవచ్చు. చేత్తో పట్టుకున్నందుకే ఇదంతా ఇచ్చేస్తే, ఆ మంత్రం కోసం స్లాట్ (మంత్రాలు వేయడానికి ఉండే పరిమిత అవకాశాల్లో ఒకటి) ఖర్చు పెట్టినవాడికి అన్యాయం చేసినట్టే.

అపోహ: బలముంటే దేన్నైనా పట్టొచ్చు.

మనకంటే ఒక్క సైజు పెద్దదాని వరకే. మనిషి ఒక సైజు పెద్దదైన ఓగర్‌ను పట్టగలడు, రెండు సైజులు పెద్దదైన హిల్ జెయింట్‌ను పట్టలేడు. ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. 2014లో ఇద్దరూ పాచిక వేసి పోటీ పడాలి. 2024లో ఎదుటివాడే సేవ్ వేస్తాడు: 8, మీ స్ట్రెంగ్త్ మాడిఫయర్ (బలం వల్ల కలిసే అంకె), ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే అంకె) కలిపిన అంకెను అందుకోవాలి. స్ట్రెంగ్త్ 16 ఉన్న మొదటి లెవెల్ ఫైటర్‌కు (యోధుడి పాత్రకు) అది 8+3+2, అంటే 13.

అపోహ: గ్రాపుల్ దండగ, ఆ దెబ్బేదో కొట్టేస్తే మేలు.

ఇది వింటే నాకు బాధేస్తుంది. మొన్న మా టేబుల్‌లో కాలవ వంతెన మీద పోరాటం. ఒక వంతులో రెండు దెబ్బలు కొట్టగల అయిదో లెవెల్ ఫైటర్ ఆడుతున్న అమ్మాయి మొదటి దెబ్బకు బదులు దొంగల నాయకుణ్ణి పట్టేసింది, రెండో దెబ్బకు బదులు కింద పడేసింది. పడ్డవాడు లేవాలంటే సగం స్పీడ్ ఖర్చవ్వాలి. సున్నా ఉన్నవాడు లేవనే లేడు! పక్కనున్న ముగ్గురూ అడ్వాంటేజ్‌తో దిగారు. విడిపించుకోవడానికి వాడు తన యాక్షన్ (ఆ వంతులో చేయగల ముఖ్యమైన పని) పెట్టాడు. అంటే ఆ రౌండ్‌లో వాడి దెబ్బ పోయినట్టే. దూరం నుంచి బాణాలు వేసేవాళ్లు మాత్రం ఆగాలి, పడుకున్నవాడి మీద వాళ్లకు డిసడ్వాంటేజ్.

పట్టు విడిపోవడానికి ప్రతిసారీ విడిపించుకునే పాచిక వేయక్కర్లేదు. మిస్టీ స్టెప్ మంత్రంతో మాయమై దూరంగా తేలినా, థండర్‌వేవ్ మంత్రం తగిలి ఎగిరిపడినా పట్టు పోతుంది. పట్టుకున్నవాడు స్పృహ తప్పినా అంతే. అందుకే మా టేబుల్‌లో పట్టుకున్నవాడి పక్కన గాయాలు మాన్పే హీలర్ నిలబడుతుంది.